ఉప్పు మీద తెల్ల నీడ

కందిపొడికి పప్పు వేయిస్తూ, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, వసుమతి ఉప్పు ఎడారిని అమ్ముతోంది.

"అక్కడ మన నీడ తెల్లగా పడుతుందండీ," అంది గరిటె తిప్పుతూ. "నీడేనండీ, నిజం. కింద మైళ్ళకొద్దీ ఉప్పు, పైన ఎండ. మధ్యలో మనిషి నిలబడితే ఆ నీడకి నల్లబడే తీరిక ఎక్కడిది? ఇక గాలి సంగతంటారా, ఎంత పల్చగా ఉంటుందంటే, ఇవాళ తుమ్మితే ఆ చప్పుడు రేపు కాఫీ వేళకి వినిపిస్తుంది."

అవతలి గొంతు రెట్టించింది. "ఏంది? నీడ తెల్లగనా?"

"పాలలాగా."

"గట్లయితే నా పేరు రాస్కో బిడ్డా. పుట్టినసంది నల్ల నీడనే సూసి సూసి యాష్టకొచ్చింది."

ఆ గొంతు వీరమ్మది. జాంబాగ్‌లో పూలమ్మి ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేసి, ఇప్పుడు మల్లేపల్లిలో ఒక్కతే ఉంటోంది. మోకాళ్ళు బాగున్నప్పుడే లోకం చూడాలని ఆవిడ పట్టుదల.

పేపరు వెనకనుంచి మొగుడు లక్ష్మణరావు ముఖం బయటపెట్టాడు. "సీటు నిండిందా? శభాష్! మన వ్యాపారమంతా నీ నోట్లోనే ఉందోయ్," అన్నాడు. వెంటనే ముక్కు ఎగబీల్చి, "పప్పు మాడుతున్నట్టుంది, చూసుకో," అన్నాడు.

ఆయన మెచ్చుకోలు ఎప్పుడూ ఒంటరిగా రాదు. ఏదో ఒక పనిని చెయ్యి పట్టుకుని వెంట తీసుకొస్తుంది. పప్పు మాడలేదు. అయినా వసుమతి మంట తగ్గించింది. అలా తగ్గించడం కూడా అలవాటే.

నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఒక ఇరానీ హోటలు పైన, ఇరుకు మెట్లెక్కితే వాళ్ళ ఆఫీసు. బోర్డు మీద పోయిన అత్తగారి పేరు: జానకమ్మ యాత్రా సర్వీస్. దాని కింద పచ్చరంగులో "ఎక్కడికెళ్ళినా మన అన్నం". ఆ మాట వసుమతి రాసిందే. బియ్యం, గుండిగ, ఆవకాయ జాడీ, వంటమనిషి పోచయ్య, ఆయన తమ్ముడు, వీళ్ళందరూ యాత్రికులతోపాటే రైలెక్కుతారు. కాశీలోనైనా కన్యాకుమారిలోనైనా మధ్యాహ్నానికి వేడివేడి పప్పన్నం విస్తట్లో పడాల్సిందే. ఆబిడ్స్ నుంచి ఖైరతాబాద్ దాకా జనం వీళ్ళని వెతుక్కుంటూ వచ్చేది దేవుడి కోసమో కొండల కోసమో కాదు, పరాయి ఊళ్ళో రొట్టె తినాల్సి వస్తుందన్న భయంతో.

పోచయ్యకి జీతముంది. ఆయన తమ్ముడికీ ఉంది. వసుమతికి మాత్రం అదృష్టముంది. ఆ మాట లక్ష్మణరావుదే. "నీకేమోయ్, మహారాణివి! పైసా ఖర్చు లేకుండా దేశమంతా తిరుగుతున్నావు. ఎంతమంది ఆడవాళ్ళకి దొరుకుతుంది ఈ అదృష్టం?" అత్తగారు బతికున్నన్నాళ్ళూ దానికి వంత పాడేది. "మా కాలంలో మొగుడు పెళ్ళాన్ని నాంపల్లి ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్తే వీధంతా చెప్పుకునేవాళ్ళు. మావాడు హిమాలయాలకే తీసుకెళ్తున్నాడు." నిజమే, వసుమతి దేశమంతా తిరిగింది. గుండిగ పక్కనుంచి తిరిగింది. ఆవిడకి దేశం నీళ్ళను బట్టి తెలుసు. కాశీ నీళ్ళలో పప్పు తొందరగా మెత్తబడుతుంది. రామేశ్వరంలో ఎంత తోమినా గిన్నెకి జిడ్డు వదలదు. హరిద్వారంలో బియ్యం కడుగుతుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. గంగా హారతి ఆవిడ ఎప్పుడూ చూడలేదు. హారతి చూసొచ్చిన వాళ్ళ తడి కాళ్ళ గుర్తులు సత్రం గచ్చు మీద చూసి, ఓహో అయిపోయిందన్నమాట అనుకుని విస్తళ్ళు వేసేది. గ్రూపు ఫోటోల్లో ఆవిడ ఉండదు. ఎవరైనా "మేడమ్ ఏరీ?" అని అడిగితే లక్ష్మణరావు నవ్వుతూ, "ఆవిడకి ఇవన్నీ చూసి చూసి విసుగండీ," అనేవాడు.

చూడని ఊళ్ళని ఫోనులో అంత బాగా ఎలా వర్ణిస్తుందంటే, అది పుట్టుకతో వచ్చిన విద్య. రేపల్లె పక్క పల్లెలో వాళ్ళ తాతయ్య ఊరి కాలువ దాటి ఎరగడు. కానీ అరుగు మీద కూర్చుని రంగూన్ వీధులు చెబుతుంటే, వినేవాళ్ళు గొడుగులు వెతుక్కునేవారు, అక్కడ వాన పడుతోందని. ఆ నోరు మనవరాలికి వచ్చింది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ బొమ్మలున్న పత్రికలు ఏరుకొచ్చి, వాటికి తన ఉప్పూ కారం కలిపేది. కన్యాకుమారి గురించి అడిగితే, "మూడు సముద్రాలు పోట్లాడుకుంటుంటే మధ్యలో మనం పంచాయితీకి కూర్చున్నట్టుంటుందండీ," అనేది. వాళ్ళు వెళ్ళొచ్చి, "అచ్చం మీరు చెప్పినట్టే ఉంది మేడమ్!" అనేవాళ్ళు. అది విన్నప్పుడు మాత్రం వసుమతికి గుండెలో ఎక్కడో చిన్న ముల్లు కదిలేది. తను చెప్పినట్టు ఉందో లేదో తనకెప్పుడు తెలుస్తుంది?

లదాఖ్ ఉప్పు సరస్సు బొమ్మ కూడా ఆబిడ్స్‌లో దొరికిందే. ఎత్తైన ఎడారి, గోధుమరంగు కొండలు, మధ్యలో తెల్లటి గట్లు కట్టిన నీళ్ళు. త్సో కర్ అని పేరు. బొమ్మ చూసిన రోజే ఆవిడకి తెల్ల నీడ కథ తట్టింది, ఆ రోజే ఒక పంతం కూడా పుట్టింది. ఆ టూరు వేయమని మొగుణ్ణి ఒప్పించింది తనే. ఒప్పించాక ఒక మాట కూడా అంది. "ఈసారి ఉప్పు మీద నేనూ నడుస్తానండీ. తక్కినవేవీ చూడకపోయినా సరే, ఇదొక్కటీ చూడాలి."

"చూద్దువుగానిలే, నిన్నెవరు కాదన్నారు?" అన్నాడు లక్ష్మణరావు.

నిజానికి ఎప్పుడూ ఎవరూ కాదనలేదు. తాజ్‌మహల్ దగ్గరా కాదనలేదు, బదరీ దగ్గరా కాదనలేదు.

నాంపల్లిలో రైలెక్కి ఢిల్లీ, అక్కణ్ణుంచి బస్సులో మనాలీ, ఆపైన రెండు టెంపో ట్రావెలర్లు. ముందు దాంట్లో డ్రైవరు పక్కన మైకు పట్టుకుని లక్ష్మణరావు, వెనక దాని చివరి సీట్లో బియ్యం బస్తాలూ ఉల్లిపాయలతో పాటు వసుమతి. పైన తాళ్ళతో కట్టిన గుండిగ మలుపు మలుపుకీ గంటలా మోగేది. జిస్పా దాటాక చెట్లు మానేశాయి. సర్చు దాటాక గడ్డి కూడా మానేసింది. కొండలు మాత్రం ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి, పెళ్ళి భోజనాలకి బంతులు లేచినట్టు. టీ కోసం ఆగిన చోటల్లా లక్ష్మణరావు మైకు బయటికి లాక్కొచ్చి, "నేనేమంటానంటే, ఈ కొండల్ని దేవుడు ఇంకా రంగు వేయకుండా ఆరబెట్టాడు," అనేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ వాక్యం వసుమతి పోయిన నెల చింతపండు పిసుకుతూ చెప్పింది.

పాంగ్ దగ్గర వీరమ్మ ముందు సీటు వదిలేసి, పట్టుకుని పట్టుకుని వెనక్కి వచ్చి బస్తా మీద కూర్చుంది.

"బిడ్డా, రేపు ఉప్పు కాడ ఏ దిక్కు నిలవడితే నీడ మంచిగ తెల్లగ కనవడ్తది? జర ముందుగాల్నే చెప్పరాదు."

వసుమతి ఆవిడ ముఖంలోకి చూసింది. ఫోనులో అయితే గుక్క తిప్పుకోకుండా చెప్పేసేదే. "నాకేం తెలుసు పెద్దమ్మా, నేనెప్పుడు చూశాను?"

"ఏంది, నువ్వు సూడలేదా?"

"ఇదే కాదు. ఏదీ చూడలేదు."

వీరమ్మ నోరు తెరిచింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. అసలే గాలి తక్కువ చోటు, నవ్వి నవ్వి ఆయాసపడి, కర్పూరం వాసన చూసి మళ్ళీ నవ్వింది. "సూడకుంటనే గింత చెప్పినవు! నేను నలభై ఏండ్లు పూలమ్మిన గానీ, కనవడని పువ్వు ఎన్నడూ అమ్మలేదు తల్లీ!" అని, కళ్ళు తుడుచుకుని, ఉన్నట్టుండి గొంతు తగ్గించి అడిగింది. "మరి రేపన్న సూస్తవా?"

"చూస్తాను," అంది వసుమతి. పైకి అన్నాక ఆ మాట కొంచెం బరువెక్కింది. ఎవరైనా విన్నారంటే మాటకి బరువొస్తుంది.

సాయంత్రానికి క్యాంపు చేరారు. ఉప్పు సరస్సు చిన్న గుట్టకి అవతల ఉందట, పొద్దున్నే వెళ్ళాలి. గుడారాల ముందు దిగీ దిగగానే పోచయ్య తల పట్టుకుని కూలబడ్డాడు. పెదాలు నీలంగా తిరిగాయి. క్యాంపు నడిపే డోల్కర్ అనే ఆవిడ ఆక్సిజన్ పెట్టి, జీపులో లేహ్ దవాఖానకి పంపించింది. తమ్ముడు తోడు వెళ్ళాడు. జీపు ఎక్కుతూ కూడా పోచయ్య, "అమ్మా, ఎసరు జర ఎక్కువ వోయిండ్రి," అనే చెప్పాడు పాపం. ఇక గుండిగ దగ్గర మిగిలింది వసుమతి.

పోచయ్య చెప్పినట్టే ఎసరు పెట్టింది. నీళ్ళు తెరలాయి, చూస్తే ముచ్చటేసేలా తెరలాయి. బియ్యం పోసింది. బియ్యం కూడా ఆ నీళ్ళలో తిరునాళ్ళలో పిల్లల్లా గంతులేసింది. కానీ ఉడకలేదు. మళ్ళీ నీళ్ళు పోసింది. మళ్ళీ తెరలాయి. మెతుకు పట్టుకుంటే పైన గంజి, లోపల రాయి. చలికి జనం శాలువాలు కప్పుకుని విస్తళ్ళ ముందు కూర్చున్నారు. ఆబిడ్స్‌లో ఫ్యాన్లూ మిక్సీలూ అమ్మే రత్నాకర్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, పంటి కింద ఏదో విరిగినట్టు ముఖం పెట్టాడు.

"మేడమ్, గిది అన్నమా, కంకరా?"

అందరూ లక్ష్మణరావు వైపు చూశారు. లక్ష్మణరావు వసుమతి వైపు చూశాడు. ఆయన చూపుకి వెనకాల పచ్చరంగు బోర్డు మొత్తం ఉంది. "ముప్పై ఏళ్ళుగా అన్నం వండుతున్నావు. ఇవాళ రాలేదా?" అన్నాడు గట్టిగా, అందరికీ వినపడేలా, తప్పు ఎవరిదో ఎవరికీ అనుమానం మిగలకుండా.

వసుమతి గరిటె పట్టుకుని నిలబడింది. ఆ గుడారం వెలుతురులో ఇరవైమంది ముఖాలు తన మీదున్నాయి. దేశమంతా తిరిగినా ఇంతమంది ఒక్కసారిగా తనని చూడటం ఇదే మొదలు. అన్నం బాగున్న రోజుల్లో ఎవరూ ఇటు తిరగలేదు. ఆవిడకి సిగ్గు రావాలి నిజానికి, రాలేదు. వచ్చింది వేరేదేదో. గుండిగలోకి చూస్తే ఆ బియ్యం మీద ఒక రకమైన గౌరవం కలిగింది. నిప్పు పెట్టారు, నీళ్ళు పోశారు, మూతేశారు, తిట్టారు. అయినా మెతక పడలేదు. తన చేతుల్లో ఇన్నేళ్ళలో ఎన్ని బస్తాల బియ్యం మారుమాట లేకుండా ఉడికిపోయిందో. తను కూడా అంతే. ఈ ఊరికొచ్చేసరికి బియ్యానికి మాత్రం తెలిసింది, కుదరదంటే ఎలా ఉంటుందో.

డోల్కర్ లోపలికొచ్చి గుండిగ చూసి పకపకా నవ్వింది. ఇంత ఎత్తులో నీళ్ళు పూర్తిగా వేడెక్కకుండానే తెరలిపోతాయి దీదీ, కుక్కర్లో తప్ప బియ్యం ఉడకదు, అని హిందీలో చెప్పింది. తన వంటింట్లోంచి పెద్ద డేగిసా నిండా పొగలు కక్కే తుక్పా తెప్పించింది. పిండి ముక్కలూ కూరగాయలూ వేసిన పులుసులాంటిది. జనం ముందు మూతులు తిప్పారు. తర్వాత గిన్నెలు ముందుకి చాపారు. రత్నాకర్ రెండోసారి కూడా పోయించుకున్నాడు. క్యాంపుకి కట్టిన డబ్బులో భోజనం కూడా కలిసే ఉందనీ, తన మొగుడే "మాకొద్దు, మా అన్నం మాకుంది" అన్నాడనీ వసుమతికి అప్పుడే డోల్కర్ నోటి ద్వారా తెలిసింది.

తెల్లారింది. కొండల మీద ఎండ, గుడారాల మీద మంచు పొడి. లేహ్ నుంచి జీపు డ్రైవరు ఫోను చేశాడు, పోచయ్య బాగున్నాడు, ఇడ్లీ అడుగుతున్నాడు. జనమంతా టోపీలూ నల్ల కళ్ళద్దాలూ పెట్టుకుని బండ్ల దగ్గర చేరారు. వసుమతి కూడా చెప్పులు మార్చుకుని, పాత బూట్లేసుకుని, కొంగు నడుముకి బిగించి బయటికొచ్చింది. లక్ష్మణరావు ఎదురొచ్చాడు. హుషారుగా ఉన్నాడు, ఆయనకి రాత్రంతా ఆలోచించగా మార్గం దొరికింది.

"వసూ, కుక్కర్లు సంపాదించానోయ్! డోల్కర్ దగ్గరున్నాయి, చిన్నవే అనుకో. ఒక్కో విడత దించుకుంటూ పో, మధ్యాహ్నానికల్లా అందరికీ అన్నం అయిపోతుంది. మేం ఉప్పు చూసి వచ్చేస్తాం. నిన్న పోయిన పరువు ఇవాళ తిరిగొచ్చెయ్యాలి."

"నేనెప్పుడు చూస్తానండీ?"

"చూద్దువుగానిలే, నిన్నెవరు కాదన్నారు? సాయంత్రం వీలుంటే..."

"మధ్యాహ్నం తినగానే లేహ్ బయల్దేరుతున్నాంగా."

లక్ష్మణరావు జనం వైపు ఒకసారి చూసి, నవ్వించడానికి గొంతు పెంచాడు. "అబ్బ, ఉప్పేగా వసూ! నీ వంటింట్లో డబ్బా నిండా ఉంది. రోజూ చూస్తూనే ఉన్నావు, ఇంకా కొత్తగా చూసేదేముంది?"

జనం నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, సరదా నవ్వే. వసుమతి కూడా నవ్వింది. ఆయన మాటకి జనం నవ్వితే తనూ నవ్వాలి, లేకపోతే "ఏంటోయ్, సరదాకన్నాను, దానికే ముఖం ముడుచుకుంటావా?" అని తర్వాత వినాలి. అందుకని పెదాలు వాటంతటవే సాగాయి. సగం సాగాక, ఆవిడకి ఆ నవ్వు తన ముఖం మీద ఎవరో పరాయి మనిషి చెయ్యి వేసినట్టు అనిపించింది. ఉప్పేగా. అవును, ఉప్పే. పులుసులో వేసింది, పచ్చళ్ళలో వేసింది, ఎక్కువైతే మాట పడింది, తక్కువైతే మాట పడింది, సరిపోయిన రోజు ఎవరికీ గుర్తు రాలేదు. ఇన్నేళ్ళు చిటికెలూ చారెడ్లూ కొలిచిన ఉప్పు ఆ గుట్ట అవతల కొలతే లేకుండా పడి ఉందట. ఎవరి కూరలోకీ కాకుండా, ఎవరి నాలుకకీ జవాబు చెప్పకుండా. దాన్ని తనే అమ్మింది ఇంతమందికీ. పాతిక మంది కూడా లేని ఈ బండ్లని తన నోరే నింపింది. ఆ నోటితో ఇప్పుడు నవ్వాల్సిన పనేముంది?

సగం సాగిన నవ్వుని వెనక్కి తీసేసుకుంది. ఏమీ అనకుండా నడిచి వెళ్ళి ముందు బండిలో, డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది. మైకు సీట్లోనే ఉంది. తీసి ఒళ్ళో పెట్టుకుంది.

లక్ష్మణరావు కిటికీ దగ్గరికొచ్చాడు. "అది నా సీటోయ్."

"వెనక బస్తాల పక్కన ఖాళీ ఉందండీ. ఉల్లిపాయలు అయిపోయాయి కాబట్టి కాళ్ళు చాపుకోవచ్చు."

"మరి అన్నం ఎవరు వండుతారు?"

"ఎవరూ వండరు. డోల్కర్‌కి చెప్పండి, క్యాంపు భోజనమే తింటాం. కట్టేశాం కదా దానికి. అక్కడ వండేవాళ్ళకి జీతం కూడా ఉంది."

"బోర్డు మీద ఏం రాశామో గుర్తుందా?" ఆయన గొంతులో కోపం కంటే కంగారే ఎక్కువుంది. "జనం ఏమనుకుంటారు?"

"బోర్డు నేనే రాశానండీ, గుర్తుంది. ఎక్కడికెళ్ళినా మన అన్నం అని రాశాను. ఎక్కడికెళ్ళినా వసుమతి అని రాయలేదు."

బండిలోవాళ్ళు ముందుకి వంగారు. రత్నాకర్ సందు చూసి, "గట్లెట్ల మేడమ్? నాకు రైస్ లేకుంటే కడుపు నిండదు," అన్నాడు.

"నిన్న ఆ పులుసు రెండు గిన్నెలు గటగట తాగినవ్ గదనయ్యా," అంది వీరమ్మ వెనకనుంచి. "గప్పుడు యాడికి వోయింది నీ రైసు? ఒక్క పూట తినకుంటే ఏమైతది, నీ మిక్సీలు తిరగవా? ఓ లక్ష్మణరావు సారూ, ఎక్కుండ్రి, ఎండ ముదురుతున్నది!"

ఈసారి జనం నవ్విన నవ్వు లక్ష్మణరావు పుట్టించింది కాదు. ఆయన కాసేపు కుక్కర్ల వైపూ, కాసేపు బండి వైపూ చూశాడు. ఇరవైమందికి కుక్కర్లో విడతలు విడతలుగా అన్నం వండటం తనవల్ల అయ్యే పనేనా అని ఆలోచించినట్టున్నాడు. వెనక బండి ఎక్కాడు.

గుట్ట దాటేదాకా బండిలో ఎవరో ఒకరు, "చెప్పండి మేడమ్, మైకులో చెప్పండి," అంటూనే ఉన్నారు. వసుమతి ముందద్దం మీంచి కళ్ళు తిప్పలేదు. గుట్ట దిగుతుంటే లోయ విప్పుకుంది. ఎంత దూరమని చెప్పాలి? హైదరాబాదుని మడతపెట్టి ఒక మూల పెడితే, తర్వాత వెతికినా దొరకదు. ఎక్కడో అంచున గోధుమరంగు గుర్రాల్లాంటి అడవి గాడిదలు తలెత్తి చూసి, బండిని పెద్దగా లెక్కచేయకుండా మళ్ళీ తలలు దించుకున్నాయి. ఆ అవతల సరస్సు, చుట్టూ ఉప్పు.

దిగారు. పాలలాగా లేదు. ఒడ్డున నల్లటి బురద, దాని మీద బూడిద రంగు చార, ఆ తర్వాత కానీ తెలుపు మొదలవలేదు. ఆ తెలుపు కూడా గంజి గిన్నె అడుగున ఎండిపోయిన పొరలా పెచ్చులు పెచ్చులుగా ఉంది. అడుగేస్తే పటుక్కున విరిగి బూటు బురదలోకి దిగింది. గాలిలో కుళ్ళిన గుడ్డు వాసన కొంచెం. పెదాలు నాకితే ఉప్పు. గాలి మాత్రం ఆగదు. చెవి పక్క నిలబడి ఏదో చెప్పబోయి మరిచిపోయిన ముసలమ్మలా హోరుమంటూనే ఉంది. వసుమతి బురదలోంచి కాలు పీకి, ముందుకి నడిచి, గట్టిగా ఉన్న తెలుపు మీద నిలబడింది. కళ్ళు మూసి తెరిచింది. ఇంత పెద్ద చోటులో తనని పిలిచే గిన్నె ఒక్కటీ లేదు.

వీరమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పక్కకొచ్చి, కింద చూసుకుని కెవ్వుమంది. "నల్లగనే ఉన్నది గదనే! నా నీడ నల్లగనే ఉన్నది!"

వసుమతి కూడా కిందికి చూసింది. నల్లగా ఉండటం కాదు. అంత నల్లటి నీడ ఆవిడ జన్మలో చూడలేదు. ఎవరో పదునైన కత్తెరతో కత్తిరించి ఉప్పు మీద అతికించినట్టు, జడ పాయలూ, చెవి దిద్దూ, నడుముకి బిగించిన కొంగు మొన కూడా తెలుస్తోంది. వంటిళ్ళలో ట్యూబులైటు కింద తన నీడ ఎప్పుడూ కాళ్ళ దగ్గర ముద్దగా పడి ఉండేది, తుడవడానికి వదిలేసిన గుడ్డలాగా. ఇక్కడ అది నిండు మనిషిలా పడుకుని ఉంది.

రత్నాకర్ పెచ్చు ఒకటి తీసి చేతిలో పొడి చేస్తూ, "ఫోన్ల తెల్లగ అన్నరు గద మేడమ్," అన్నాడు. పది మంది చుట్టూ చేరారు. వెనక బండి దిగి లక్ష్మణరావు కూడా వచ్చాడు, కొంచెం దూరంలో ఆగాడు.

మైకు బండిలోనే ఉండిపోయింది. వసుమతి గాలికి ఎదురుగా గొంతు పెంచింది.

"అన్నాను. అది చూడకముందు మాట. ఇప్పుడు చూసి చెప్తున్నాను, వినండి. ఇది పాలు కాదు, బురదా ఉప్పూ కలిసి కాపురం చేస్తున్న చోటు. వాసనొస్తుంది, కాలు దిగబడుతుంది, ముక్కు కాలుతుంది. కానీ కింద చూసుకోండి. నాంపల్లిలో మన నీడల మీద ఆటోలు పోతాయి, మనుషులు తొక్కుతారు, గోడలు మింగేస్తాయి. ఎవరి నీడ ఎవరిదో తెలీదు. ఇక్కడ ఎవరిది వాళ్ళకి ఉంది. అసలు మన నీడ రంగు ఇదీ. ఇన్నాళ్ళూ మనం చూసింది వెలిసిపోయింది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ తలలు దించుకుని ఎవరి కాళ్ళ దగ్గర వాళ్ళు వెతుక్కున్నారు. రత్నాకర్ ఒక చెయ్యెత్తి, నీడ కూడా చెయ్యెత్తిందా లేదా అని చూసుకున్నాడు. వీరమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని తన నీడని ఆ కొస నుంచి ఈ కొసకి చూసింది. "ఇదే మంచిగున్నది తియ్యి," అంది. "నువ్వు అబద్ధం చెప్పకపోతే నేను ఇల్లు కదులుతుంటినా!"

జనం ఫోటోలకి అటూ ఇటూ విడిపోయాక లక్ష్మణరావు దగ్గరికొచ్చాడు. కోపం గాలికి ఎగిరిపోయినట్టుంది, కళ్ళలో పాత మెరుపు వచ్చింది. "అదరగొట్టావోయ్. రత్నాకర్ కూడా పడిపోయాడు చూశావా? చలికాలం కచ్ టూరు వేస్తున్నాంగా, అక్కడా ఉప్పే. ఇదే కొంచెం అటూ ఇటూ మార్చి ఫోనులో చెప్పెయ్. ఊరెళ్ళగానే మొదలెట్టు." వెంటనే, చెయ్యి పట్టుకుని తెచ్చిన పని కూడా బయటపడింది. "కచ్‌లో ఎత్తు లేదులే, గుండిగలోనే ఉడుకుతుంది."

"ఆ ఉప్పూ ఈ ఉప్పూ ఒకటేనంటారా?"

"ఉప్పు ఉప్పే కదోయ్."

"ఏమో మరి. చూస్తే కదండీ తెలిసేది."

"చూద్దువుగానిలే, నిన్నెవరు..."

"కాదనలేదు. ఎప్పుడూ కాదనలేదు మీరు," అంది వసుమతి. గొంతు మామూలుగానే ఉంది, పాలు పొంగుతున్నాయి స్టవ్ కట్టెయ్యండి అన్నంత మామూలుగా. "నేనే ఇక ఊరుకోను. చూడని ఊరి గురించి ఇంకోసారి ఫోనెత్తను. కచ్‌కి కిటికీ పక్క సీట్లో వస్తాను, నా పేరు ముందు రాయండి. పోచయ్యకి తోడు జీతానికి ఇంకో మనిషిని పెట్టండి. అంతదాకా ఎవరైనా కచ్ ఎలా ఉంటుందని అడిగితే, నాకు తెలీదనే చెప్తాను."

"అట్లా చెప్తే ఎవడొస్తాడు?"

వసుమతి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన ప్రశ్న అడిగేశాక, ఆ ప్రశ్నలోనే జవాబుందని ఆయనకే తట్టింది. ఎవరి మాట మీద ఇన్నేళ్ళూ బండ్లు నిండాయో, ఆ మాట ఇప్పుడు ఉప్పు మీద బూట్లతో నిలబడి ఉంది.

వసుమతి తిరిగి సరస్సు అవతలి వైపుకి నడక మొదలుపెట్టింది. తొందరేం లేదు. ఊపిరి అందినంత నడిచి, ఆగి, మళ్ళీ నడుస్తోంది. కాళ్ళ కింద ఉప్పు పటపటమంటోంది. నీడ పక్కనే వస్తోంది. ముందు ఉప్పు గట్టు ఒక చోట వంగి, చిన్న మెరక వెనక్కి పోయింది. ఆ మెరక అవతల ఏముందో ఇక్కడికి కనపడదు.

"బిడ్డా!" వీరమ్మ కేక గాలి మీద వచ్చింది. "అటు దిక్కు ఏమున్నదే?"

ఏ ఊరి గురించి ఎవరేమడిగినా, అడిగిన నోరు మూతపడేలోపే జవాబు చెప్పిన మనిషి ఆవిడ.

"తెలీదు పెద్దమ్మా," అంది వసుమతి నడుస్తూనే. "చూసొచ్చి చెప్తా."